బాబ్ గిబ్సన్ ఓడిన తొమ్మిది ఆటలు

టోర్నమెంటులో కప్పు కొట్టినవాడే అందరికంటే బాగా ఆడాడని నేను నమ్మను. కనీసం మేం ఆడే టోర్నమెంటులో నమ్మను. శనివారం పొద్దున్న మొదలై ఆదివారం సాయంత్రానికి అయిపోయే పోటీ అది. పాచికలు వేసి ఆడే ఆట. ఎవరు గొప్ప, ఎవరు కాదు అన్నది తేలడానికి ఆ కాసిని మ్యాచ్‌లు ఏ మూలకీ చాలవు. ఆ సంగతి అక్కడికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. తెలిసే వస్తారు. "ఆ మాత్రం దానికి న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియా దాకా కారేసుకుని పోయి, హోటల్లో దిగి మరీ ఆడాలా?" అని నన్ను అడగనివాళ్ళు లేరు. వాళ్ళందరికీ కలిపి ఒకేసారి చెప్పే జవాబు ఇది. కాస్త పొడుగు జవాబే.

ఆట పేరు స్ట్రాట్-ఓ-మాటిక్. బేస్‌బాల్‌ని టేబుల్ మీద కార్డులతో, పాచికలతో ఆడటం. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో పెరిగిన హాల్ రిచ్‌మన్ అనే కుర్రాడికి పదకొండేళ్ళప్పుడు ఈ పిచ్చి పట్టింది. అప్పట్లో బజారులో దొరికే ఆటలో బ్యాటర్ పేరున్న గుండ్రటి అట్టముక్కని పెట్టి ముల్లు తిప్పేవాళ్ళు. ముల్లు ఎక్కడ ఆగితే అదే ఫలితం. బంతి విసిరేవాడు ఎవడైనా ఒకటే. అది అతనికి మింగుడు పడలేదు. పాచికలు వేల సార్లు వేసి, ఏది ఎన్నిసార్లు పడుతుందో రాసుకుని, కాలేజీలో లెక్కలు చదువుకుని, 1961లో 80 మంది ఆటగాళ్ళ కార్డులతో తన ఆటని అమ్మకానికి పెట్టాడు. మొదట్లో నష్టాలే. తండ్రి దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. ఆట నిలబడకపోతే వచ్చి ఇన్సూరెన్స్ వ్యాపారంలో చేరాలన్నది ఒప్పందం. (మన ఇళ్ళల్లో అయితే ఒప్పందం దాకా పోదు, నేరుగా ఇన్సూరెన్సే.) మొత్తానికి నిలబడింది. దీనికి పదేళ్ళ ముందే, 1951లో, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ నుంచి వచ్చిన ఆప్బా అని ఇంకో ఆట ఉంది. ఈ రెండు ఆటల అభిమానుల మధ్య వైరం ఒకప్పటి ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల వైరానికి ఏమీ తీసిపోదు. నాది ఏ పార్టీయో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

ఆడే పద్ధతి చెప్పకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ప్రతి ఆటగాడికీ, అతను ఆడిన ఒక్కో సీజన్‌కీ ఒక కార్డు. బ్యాటర్ కార్డు మీద 1, 2, 3 అని మూడు నిలువు వరసలు. పిచర్ (బంతి విసిరేవాడు) కార్డు మీద 4, 5, 6. మామూలు పాచికలు మూడు వేస్తాం. అందులో ఒకటి వేరే రంగుది, ఏ వరస చూడాలో అది చెప్తుంది. మిగతా రెండిటినీ కూడితే వచ్చే అంకె, 2 నుంచి 12 దాకా, ఆ వరసలో ఏ గడి చూడాలో చెప్తుంది. అక్కడ రాసుంటుంది స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులకి ఔట్) అనో, వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే ఫస్ట్ బేస్) అనో, సింగిల్ (కొట్టి ఒక బేస్ చేరడం) అనో, హోమ్‌రన్ (కొట్టినవాడూ, బేస్‌ల మీదున్నవాళ్ళూ అంతా ఇంటికొచ్చి తలా ఒక పరుగు) అనో. కొన్ని గడుల్లో రెండు ఫలితాలుంటాయి. "హోమ్‌రన్ 1–8, ఫ్లై బాల్ 9–20" అన్నట్టు (ఫ్లై బాల్ అంటే గాల్లో లేచి ఫీల్డర్ చేతిలో పడే బంతి, ఔట్). అప్పుడు ఇరవై ముఖాల పాచిక ఇంకోటి వేసి తేల్చుకోవాలి. పిచర్ కార్డులో కొన్ని గడులు ఫీల్డర్ మీదికి తోస్తాయి. అతనికి 1 నుంచి 5 దాకా ఒక రేటింగ్ ఉంటుంది, 1 అంటే బంగారం, 5 అంటే వాడివైపు బంతి పోకూడదని దణ్ణం పెట్టుకోవడం. కుడిచేతి పిచర్‌కి ఒక లెక్క, ఎడమచేతి పిచర్‌కి ఇంకో లెక్క. ఆ సీజన్‌లో ఆ మనిషి నిజంగా ఏం చేశాడో దాన్ని బట్టే ఇవన్నీ కడతారు.

బడిలో ఆడిన బుక్ క్రికెట్ గుర్తు తెచ్చుకోండి. సోషల్ పుస్తకం తెరిస్తే పేజీ చివరి అంకె ఎంతైతే అన్ని పరుగులు. సరి సంఖ్య పేజీలే చూస్తాం కాబట్టి 0, 2, 4, 6, 8లో ఒకటి పడుతుంది. సున్నా అయితే ఔట్. సచిన్‌కైనా, పదకొండో నంబరులో వచ్చే మన వెంకటపతి రాజుకైనా అయిదింట ఒక వంతు ఔటే. ఆ పుస్తకానికి సచిన్ ఎవరో తెలీదు. స్ట్రాట్ కార్డుకి తెలుసు. అసలు తేడా అంతా అక్కడుంది. నేను మొట్టమొదట ఒక కార్డు చేతిలోకి తీసుకుని చదివినప్పుడు నాకు ఎక్కిన మత్తు కూడా అదే: ఒక మనిషి ఏడాది కష్టం మొత్తం అరచేతంత అట్టముక్క మీద అచ్చయి ఉంది.

లెక్క వేసుకుంటే మూడు పాచికలకి మొత్తం 216 రకాల పడటాలు. సగం బ్యాటర్ కార్డు మీద, సగం పిచర్ కార్డు మీద. అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప పిచర్‌ని తెచ్చి నిలబెట్టినా, సగం సార్లు అతని కార్డు వైపు చూసే పనే ఉండదు. ఇది కొత్తగా ఆడేవాళ్ళకి మహా కోపం తెప్పిస్తుంది.

ఇక మా అమ్మ. నేను టోర్నమెంటుకి వెళ్తున్నానని తెలిసి ఫోన్లో అంది: "ఏరా, పాచికలాటకి హోటల్లో దిగి మరీ పోతున్నావా? ధర్మరాజు కంటే తెలివైనవాడివా?" నవ్వేశాను గానీ, మన బుర్రల్లో పాచికలంటే జూదమని పాతుకుపోవడానికి ఆ కథే కారణం కదా అనిపించింది. అయితే ఆ కథలో అసలు దగా పాచికల్లో లేదు. పాచికలు శకుని చెప్పినట్టు పడతాయి, ధర్మరాజుకి ఆ సంగతి తెలీదు. ఒకడికి తెలిసిన లెక్క ఇంకొకడికి తెలీకుండా ఉంచి, పైన పందెం కట్టించడం అది. మా హాల్లో పందెం లేదు. కట్టే ఫీజు హాలు అద్దెకీ, కాఫీకీ, చిన్న ట్రోఫీకీ సరిపోతుంది. లెక్కా దాచిపెట్టరు. నా కార్డు అవతలివాడూ చదవొచ్చు, అతని కార్డు నేనూ చదవొచ్చు. ఏది పడటానికి ఎన్ని వంతులుందో ఇద్దరికీ కళ్ళెదుట ఉంటుంది.

ఆటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అనే గొడవ మన దగ్గర కోర్టులదాకా వెళ్ళింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన అప్పీలుగా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967 నవంబరులో కోర్టు చెప్పింది, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటేనని. ఏ ముక్కలు పడిపోయాయో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని. తర్వాత యాభై ఏళ్ళకి ఫాంటసీ క్రికెట్ యాప్‌లని సమర్థించినవాళ్ళు కూడా ఇదే దారి పట్టారు. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు అది నైపుణ్యమేనని అంది. అదే ఏడాది తెలంగాణ తన జూద చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారిలోనే వెళ్ళింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా.

నా మటుకు నాకు ఆ ప్రశ్నే తప్పనిపిస్తుంది. అదృష్టం లేని ఆట ఏముంది? క్రికెట్‌లో టాస్ అదృష్టం కాదా? అడగాల్సింది వేరే. ఆటలో ఉన్న అదృష్టం ఆడేవాడికి కనిపిస్తోందా లేదా అని అడగాలి. మా బావమరిది డబ్బులు పెట్టి ఫాంటసీ ఆడేవాడు. "బావా, నీది లూడోకి పెద్దన్న. మాది బుర్ర" అనేవాడు. సరే, బుర్రే. కానీ అవతల ఎన్ని లక్షల జట్లున్నాయో, అందులో ఒకే మనిషి వేసినవి ఎన్నో, తన జట్టు మొదటి నాలుగు స్థానాల్లో రావడానికి ఎన్నో వంతు అవకాశమో వాడెప్పుడూ లెక్క వేసుకోలేదు. వేసుకోవడానికి వీలు కూడా లేదు. గెలిచిన రోజు తన తెలివి. ఓడిన రోజు "కెప్టెన్‌గా ఇంకొకణ్ణి పెట్టాల్సింది" అని తనని తానే తిట్టుకోవడం, మళ్ళీ కట్టడం. అదృష్టాన్ని తెలివి అని పేరు మార్చి అమ్మితే జరిగేది అదే. మా హాల్లో పాచికలు టేబుల్ మీద గలగలమంటూనే ఉంటాయి. దాన్ని ఎవరూ తెలివి అనుకోరు.

హాలు గురించి కొంచెం. హైవే పక్కన ఒక మామూలు హోటల్, అందులో మీటింగులకిచ్చే గది. పొడుగాటి మడత టేబుళ్ళు, తెల్లటి గుడ్డలు. నేను లోపలికి వెళ్ళగానే తలుపు దగ్గర కూర్చున్నాయన చాలా మర్యాదగా, "పెళ్ళి రిసెప్షన్ పక్క హాల్లో" అని దారి చూపించాడు. నా సంచీలోంచి కార్డుల కట్ట బయటికి తీశాక ఆయన మొహం చూడాల్సింది. ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. పాత టీముల టోపీలు, ముక్కు మీదికి జారే కళ్ళజోళ్ళు, చెవి సందున పెన్సిళ్ళు. అక్కడక్కడా తండ్రీకొడుకుల జంటలు. ఆడవాళ్ళు బహుకొద్ది. నాలాంటి మొహం ఇంకోటి లేదు. ఎవరి కార్డులు వాళ్ళకి ప్రాణం. కొందరు ఒక్కో కార్డుకీ ప్లాస్టిక్ తొడుగు వేస్తారు, కొందరు యాభై ఏళ్ళ నాటి రబ్బరు బ్యాండుతోనే లాక్కొస్తారు. పాచికలు వేయడానికి లోపల పచ్చ గుడ్డ అతికించిన చెక్క పెట్టెలు సొంతంగా చేసుకొచ్చుకుంటారు. పాచిక పెట్టె అంచుకి ఆనుకుని వాలుగా నిలబడితే చెల్లదు, మళ్ళీ వెయ్యాలి. నేల మీద పడ్డా చెల్లదు. ఈ రూల్ మీద జరిగినంత వాదన నేను తానా ఎన్నికల్లో కూడా చూడలేదు.

ఒక మ్యాచ్ ముప్పావుగంటలో అయిపోతుంది. ఇద్దరూ స్కోరు రాస్తారు. స్ట్రైకౌట్‌కి గుర్తు ఇంగ్లీషు కె అక్షరం. బంతిని చూస్తూ నిలబడి స్ట్రైకౌటైనవాడికి దాన్ని తిరగేసి రాస్తారు, బ్యాటు ఊపి స్ట్రైకౌటైనవాడికి మామూలుగా. ఆ పాత అలవాటు ఎవరూ వదలరు. నలుగురైదుగురు ఒక గ్రూపు, అందులో అందరూ అందరితో ఆడాలి, పైన నిలిచినవాళ్ళు ఆదివారం నాకౌట్‌కి. ఈసారి పద్ధతేమిటంటే ఎవరికి నచ్చిన పాత జట్టుని వాళ్ళు తెచ్చుకోవచ్చు.

నేను 1968 సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని తీసుకెళ్ళాను. కారణం ఒక్కడే, ఆ జట్టు పిచర్ బాబ్ గిబ్సన్. ఆ ఏడాది అతను ఒక పూర్తి ఆటకి, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, సగటున ఇచ్చిన పరుగులు 1.12, అది కూడా ఫీల్డర్ల తప్పులు తీసేశాక. 34 ఆటలు మొదలుపెడితే 28 ఆటలు చివరిదాకా తనే విసిరాడు. పదమూడింట్లో అవతలివాళ్ళకి ఒక్క పరుగూ రాలేదు. ఆ సీజన్‌లో పిచర్ల దెబ్బకి బ్యాటర్లు ఎంత అల్లాడిపోయారంటే, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ కిరీటం .301 సగటుకే దక్కింది, అంటే పదిసార్లకి మూడు హిట్లే (హిట్ అంటే బంతి కొట్టి బేస్ చేరడం). మరుసటి ఏడాది పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి దించేశారు. అలాంటి గిబ్సన్ గెలిచింది 22, ఓడింది 9.

తొమ్మిది. ఈ అంకె దగ్గర ఆగండి. 1.12 ఇచ్చినవాడు తొమ్మిది ఆటలు ఎలా ఓడతాడు? నేను చెప్పదలచుకున్నదంతా ఆ తొమ్మిదిలో ఉంది.

శనివారం మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చున్నాయన రిటైరైన పోస్టల్ ఉద్యోగి. ఆయన జట్టు 1961 డెట్రాయిట్ టైగర్స్. 101 ఆటలు గెలిచి కూడా యాంకీస్ వెనక రెండో స్థానంలో మిగిలిపోయిన జట్టు అది. ఆ జట్టు ఫస్ట్ బేస్‌మన్ నార్మ్ క్యాష్ ఆ ఏడాది .361 కొట్టాడు, 41 హోమ్‌రన్లతో సహా. దానికి ముందూ తర్వాతా ఎప్పుడూ .286 దాటలేదు. ఆ ఏడాది బ్యాటుకి రంధ్రం చేసి కార్క్ నింపానని తర్వాత తనే చెప్పుకున్నాడు. కార్డుకి ఇవేవీ పట్టవు. 1961 క్యాష్ అంటే .361 క్యాష్, అంతే.

ఎనిమిదో ఇన్నింగ్స్. నాకు 2, ఆయనకి 1. ఇద్దరు ఔట్, ఇంకొకడు ఔటైతే ఆయన వంతు అయిపోతుంది. సెకండ్ బేస్ మీద ఆయన మనిషి ఒకడు. ఇప్పుడు ఎడమచేతి క్యాష్ బ్యాటింగ్‌కి వచ్చాడు. నా పిచర్ గిబ్సన్ కుడిచేతివాడు. క్యాష్ కార్డులో కుడిచేతి పిచర్ల వైపు భాగం చూస్తే కడుపులో దేవుతుంది. మూడు దారులు. గిబ్సన్‌ని నమ్మి ఆడించడం. ఎడమచేతి రిలీవర్ (మధ్యలో దించే పిచర్) జో హోర్నర్‌ని తేవడం. లేదా ఫస్ట్ బేస్ ఖాళీయే కాబట్టి క్యాష్‌కి కావాలని వాక్ ఇచ్చేసి, తర్వాతివాడితో తేల్చుకోవడం. తర్వాతివాడు కుడిచేతి బ్యాటర్, హోమ్‌రన్లు కొట్టే రకం కాదు. గిబ్సన్ ముందు అతని కార్డు చాలా బీదగా ఉంది. హోమ్‌రన్ అన్న మాట ఆ వైపు మొత్తానికి ఒక్క గడిలోనే ఉంది, అదీ 1–8.

వాక్ ఇచ్చాను. పెద్దాయన తల ఊపాడు, "నేనూ అదే చేసేవాణ్ణి" అన్నట్టు. పెట్టెలో పాచికలు వేశాడు. తెల్ల పాచిక 1. బ్యాటర్ కార్డు. మిగతా రెండూ కలిపి 5. ఆయన వేలు ఆ గడి మీద పెట్టి నా వైపు చూశాడు. ఇరవై ముఖాల పాచిక చాలాసేపు దొర్లి 7 దగ్గర ఆగింది. ముగ్గురూ ఇంటికి. 4–2. అక్కడే అయిపోయింది ఆట.

లెక్క చెప్తాను. ఒకటో వరసలో 5 పడటానికి 216లో 4 అవకాశాలు. అందులో మళ్ళీ ఇరవైకి ఎనిమిది. గుణిస్తే 135లో ఒక వంతు. అంటే 134 వంతులు నా నిర్ణయం వైపే ఉన్నాయి కనీసం ఆ హోమ్‌రన్ మటుకు. రేపు అదే చోట కూర్చోబెడితే మళ్ళీ వాకే ఇస్తాను. గిబ్సన్ కార్డు వైపు మేమిద్దరం ఆ బంతికి కన్నెత్తి కూడా చూడలేదు.

అప్పుడు పెద్దాయన స్కోరు రాస్తూ తాపీగా అన్నాడు: "రాన్ హంట్ సంగతి తెలుసా నీకు?" తెలుసు. 1968 సెప్టెంబరు 17, శాన్‌ఫ్రాన్సిస్కో. గిబ్సన్ ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు, మొదటి ఇన్నింగ్స్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాటర్ రాన్ హంట్ హోమ్‌రన్. ఆ సీజన్ మొత్తానికి హంట్ కొట్టిన హోమ్‌రన్లు రెండే. అవతలి పిచర్ గేలార్డ్ పెర్రీ ఆ రోజు కార్డినల్స్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 1–0. గిబ్సన్ ఖాతాలో ఒక ఓటమి. మర్నాడు అదే మైదానంలో కార్డినల్స్ పిచర్ రే వాష్‌బర్న్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకి ఒక్క హిట్ ఇవ్వకుండా తిప్పికొట్టాడు, అది వేరే సంగతి. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల ఫైనల్) ఏడో ఆటా అంతే, కార్డినల్స్‌కీ డెట్రాయిట్‌కీ మధ్య. ఏడో ఇన్నింగ్స్‌దాకా పరుగుల్లేవు. ఇద్దరు ఔటయ్యాక డెట్రాయిట్ బ్యాటర్ జిమ్ నార్త్రప్ కొట్టిన బంతిని కార్డినల్స్ ఫీల్డర్ కర్ట్ ఫ్లడ్ అంచనా వేయడంలో ఒక్క క్షణం తడబడ్డాడు. దేశంలోకెల్లా మేటి ఫీల్డర్లలో ఒకడు ఫ్లడ్. బంతి అతని తల మీదుగా పోయింది, గిబ్సన్ ఓడాడు, డెట్రాయిట్ గెలిచింది.

గిబ్సన్ ఏం తప్పు చేశాడు? ఆ 1–0 ఆటలో ఏం చేసి ఉండాల్సింది? ఏమీ లేదు. బాగా విసిరాడు, ఓడాడు. ఈ రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి, "అయితే అతను బాగా విసరలేదేమో" అని వెనక్కి లాక్కుపోకుండా ఉండటం మనకి చేతకాదు. మనం ఫలితం చూసి మనిషిని తూచే జాతి. ఎంసెట్‌లో ఒక్క మార్కు తేడాతో ర్యాంకు వేల మీద జారిపోతుంది, ఆ పిల్ల చదవలేదని తీర్పు ఇంటి గుమ్మంలోనే వచ్చేస్తుంది. ఆఫీసులో ఏడాది చివరి అప్రైజల్లో మేనేజరు చూసేది ప్రాజెక్టు నిలిచిందా లేదా అనే. ఏ నిర్ణయం ఎప్పుడు, ఏం తెలిసి తీసుకున్నారని అడిగేవాడు లేడు. అడిగినా చెప్పడానికి లెక్కలు ఎవరి దగ్గరా ఉండవు. ఈ హాల్లో ఉంటాయి. నిర్ణయం ఒక పక్క, ఫలితం ఇంకో పక్క, మధ్యలో 135లో ఒక వంతు అచ్చేసి ఉంటుంది. ఓడిన ఆట గురించి అవతలివాడితో కలిసి కూర్చుని, ఏడుపూ లేకుండా సంజాయిషీ లేకుండా మాట్లాడుకోగలిగిన చోటు నాకు ఇది తప్ప ఇంకోటి దొరకలేదు. అందుకే హోటల్ ఖర్చు.

నైపుణ్యం లేదనుకోకండి. ఏటా ఆదివారం మధ్యాహ్నానికి మిగిలుండే మొహాల్లో కొన్ని ఎప్పుడూ ఉండేవే. ఎవరి తర్వాత ఎవరిని పంపాలి, అలసిపోయిన పిచర్‌ని ఇంకో ఇన్నింగ్స్ లాగొచ్చా (అలసిపోతే కార్డు మీద చుక్క పెట్టిన ఔట్లన్నీ సింగిల్స్ అయిపోతాయి), పనికిరాడనుకున్న నాలుగో అవుట్‌ఫీల్డర్‌ని ఏ ఒక్క సందర్భం కోసం బెంచి మీద ఉంచాలి, ఇవన్నీ తెలిసినవాడికి వందలో రెండు మూడు వంతులు ఎక్కువ దక్కుతాయి. అంతకు మించి దక్కవు. అంతకు మించి దక్కుతాయని చెప్పుకునేవాడు ఏదో ఒకటి అమ్ముతుంటాడు.

అయితే ఈ కళ్ళెదుటి లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో ప్రతి బంతినీ రాసి పెట్టారు కాబట్టి వచ్చింది. డెలవేర్ యూనివర్సిటీలో బయాలజీ చెప్పే డేవిడ్ స్మిత్ 1989లో రెట్రోషీట్ మొదలుపెట్టాడు. పాత ఆటల స్కోరు పుస్తకాలు టీముల అటకల మీదా, పాత్రికేయుల సొరుగుల్లోనూ పడి ఉంటే, జీతం లేని మనుషులు వాటిని పోగుచేసి, బంతి బంతికీ ఏం జరిగిందో కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించింది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎప్పుడో అరవైల నాటి ఒక బెంచి ఆటగాడు ఎడమచేతి పిచర్ల మీద ఎలా ఆడాడో నా కార్డు మీద ఉందంటే అలాంటి చేతుల చలవే.

రాసి పెట్టనివాళ్ళ సంగతి వేరు. పక్క టేబుల్ మీద ఒకాయన నీగ్రో లీగ్స్ ఆటగాళ్ళ జట్టుతో ఆడుతున్నాడు. 2009లో స్ట్రాట్-ఓ-మాటిక్ వాళ్ళు తెచ్చిన సెట్ అది. సాచెల్ పేజ్, ఆస్కార్ చార్ల్స్‌టన్, జాష్ గిబ్సన్. (బాబ్‌కీ ఈ జాష్‌కీ చుట్టరికం లేదు.) నల్లవాళ్ళని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళ లీగులు వాళ్ళవి. తెల్ల పత్రికలు వాళ్ళ స్కోర్లు వేసేవి కావు. నల్లవాళ్ళ పత్రికల్లో వచ్చినవి వెతికి వెతికి ఏరాల్సి వచ్చింది. ఆ అడ్డు దాటి జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్లో పెద్ద లీగులో అడుగుపెట్టాడు. జాష్ గిబ్సన్ అదే ఏడాది జనవరిలో చనిపోయాడు, 35 ఏళ్ళకి. 2020 డిసెంబరులో ఆ లీగుల్ని మేజర్ లీగులుగా గుర్తించారు. 2024 మేలో ఆ అంకెల్ని అధికారిక రికార్డుల్లో కలిపాక, జీవితకాల సగటులో .372తో జాష్ గిబ్సన్ అందరికంటే పైకి వచ్చాడు. అంతదాకా ఆ చోటు టై కాబ్‌ది, .367.

ఆ టేబుల్ చుట్టూ మూగినవాళ్ళలో ఒకాయన అన్నాడు, "చూశారా, చరిత్ర చేసిన అన్యాయాన్ని ఈ పాచికలు సరిదిద్దుతున్నాయి" అని. ఇలాంటి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాచికలు ఏమీ సరిదిద్దవు. పెద్ద లీగుల మేటి పిచర్ బాబ్ ఫెల్లర్ బంతిని జాష్ గిబ్సన్ ఆ రోజుల్లో నిజం మైదానంలో కొట్టడం వేరు, 80 ఏళ్ళ తర్వాత ఒక హోటల్ గదిలో కార్డు మీద కొట్టడం వేరు. ఆ కార్డు చేసే పని అంతకంటే చిన్నది, నా దృష్టిలో అంతకంటే నిజాయితీ గలది. దొరికిన లెక్కని దొరికినంత మేరకు అచ్చు వేసి చూపిస్తుంది. పక్కన పెట్టుకుని చూస్తే ఎంత దొరకలేదో కూడా తెలుస్తుంది. అంతే. సన్మానాలు వేరేచోట చేసుకోవాలి.

ఇలాంటి ఆటని పాతకాలపు ముచ్చట అని కొట్టిపారేసేవాళ్ళకి ఒక సంగతి. 1981 జూలైలో ఆటగాళ్ళు సమ్మెలో ఉండి ఆల్‌స్టార్ మ్యాచ్ ఆగిపోతే, అది జరగాల్సిన క్లీవ్‌లాండ్ స్టేడియంలోనే స్ట్రాట్ కార్డులతో ఆ ఆట ఆడారు. 2020లో కరోనా వచ్చి సీజన్ ఆగినప్పుడు కంపెనీవాళ్ళు రోజూ ఆ రోజు జరగాల్సిన ఆటల్ని కంప్యూటర్ మీద ఆడించి ఫలితాలు ప్రకటించారు. జనం వాటిని నిజం స్కోర్లలాగే చదివారు. కంప్యూటర్ అయితే సీజన్ మొత్తాన్ని కాఫీ చల్లారేలోపు వెయ్యిసార్లు ఆడేస్తుంది. అది సగటు చెప్తుంది. సగటు కావాలనుకున్నవాళ్ళు దాన్నే నమ్ముకోవడం మంచిది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా, అతని కళ్ళలోకి చూస్తూ "వాక్" అనడంలో ఉన్న టెన్షన్ సగటులో ఉండదు.

మాలో మాకు అసలు తగువు కంప్యూటర్‌తో కాదు, రీప్లే వాళ్ళతో. వీళ్ళు టోర్నమెంట్లని చిన్నచూపు చూస్తారు. ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని, రెండు వైపులా తామే ఆడుతూ, ఒక లీగ్ సీజన్ మొత్తాన్ని, జట్టుకి 162 ఆటలు చొప్పున, పాచికలతో నడుపుతారు. ఏళ్ళు పడుతుంది. వాళ్ళ వాదన ఒకటే: రెండు రోజుల ఆట గుడ్డెద్దు చేలో పడ్డట్టు, అన్ని ఆటలూ ఆడితేనే నిజం బయటపడుతుంది అని. నాకు ఇది ఎంసెట్ వాదనలాగే వినిపిస్తుంది, కాకపోతే పరీక్ష పొడుగు పెంచారు. పొడుగు పెంచినంత మాత్రాన పాచిక బుద్ధి మారదు.

ఆదివారం నేను నాకౌట్‌కి రాలేదు. మా గ్రూపులో పైకి వచ్చిన పోస్టల్ పెద్దాయన మొదటి రౌండ్లోనే ఒక కాలేజీ కుర్రాడి చేతిలో పోయాడు, క్యాష్ నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లు ఔట్. కప్పు ఎవరికి వెళ్ళిందో నిజంగా గుర్తు లేదు, 1986 మెట్స్ తెచ్చినాయనకి అనుకుంటా. ఆ టైముకి నేను పార్కింగ్‌లో ఒక రీప్లే ఆయనతో వాదనలో ఉన్నాను. ఆయన నడిపింది సరిగ్గా 1968 నేషనల్ లీగే, గిబ్సన్ ఆడిన లీగ్. రిటైరైనప్పట్నుంచీ అదే పని. ఈ మధ్యే పూర్తయిందట.

"గిబ్సన్‌కి ఎంతొచ్చింది?" అన్నాను.

"1.61" అన్నాడు, మొహం గంటు పెట్టుకుని. "నాకు నచ్చలేదు."

"ఓటములు?"

"ఆరు."

"ఇంకేం, నిజం దానికంటే మూడు తక్కువే కదా."

"అదే చెప్తున్నా. ఎక్కువ పరుగులిచ్చి తక్కువ ఓడాడు. అలా ఎలా కుదురుతుంది?" అని, కారు డిక్కీ మీద స్కోరు పుస్తకం తెరిచి, ఏప్రిల్ నుంచి ఒక్కో ఆటా చూపించడం మొదలుపెట్టాడు.